బెంగళూరుకు పండ్లు పంపే చిన్న రైతులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది మదనపల్లె దగ్గర పల్లె. ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి కె.ఆర్. పురంలో స్థిరపడ్డాను. కొన్నేళ్లుగా మా ఊరి రైతులకూ, శ్రీనివాసపురం, చింతామణి వైపు తెలుగు రైతులకూ, ఇక్కడ పండ్లు కొనే కుటుంబాలకూ మధ్య లెక్కలు చూస్తున్నాను. ఏటా మామిడి పిందె పడగానే ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు మారుతుంటారు, ప్రశ్నలు మాత్రం చాలావరకు అవే. ఏళ్ల తరబడి చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. పండు విలువలో పెద్ద భాగం, కాయ కోసిన గంటకూ బండి ఎక్కే గంటకూ మధ్య నిలబడుతుంది, లేదా పోతుంది. ఆ కొద్ది గంటలు పూర్తిగా రైతు చేతిలో ఉంటాయి. అందుకే కింద మార్కెట్ల గురించి కంటే కోత గురించే ఎక్కువ రాశాను.

మా తోట ఎకరన్నరే. ఇంత కొద్ది కాయతో బెంగళూరు దాకా రావడం దండగ కాదా?

ఒక్కరే వస్తే దండగే. పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో నాటిన మామిడి ఎకరానికి నలభై చెట్లు, ఎకరన్నరకు అరవై. కాయ అంతా ఒకేసారి ముదరదు కాబట్టి రెండు మూడు విడతలుగా కోయాలి. ఒక విడత కాయకు చిన్న వ్యాను కూడా నిండకపోవచ్చు. వ్యాను సగం ఖాళీగా వచ్చినా కిరాయి మాత్రం పూర్తిగా కట్టాలి. కాబట్టి కనీసం ముగ్గురు నలుగురు రైతులు ఒక మాట మీదకు రావాలి. ఒకే రోజు కోత పెట్టుకోవాలి, ఒకే కొలత క్రేట్లు వాడాలి, ఎవరి క్రేట్ల మీద వారి రంగు గుర్తు వేసుకోవాలి. దీనికి సంఘం రిజిస్టరు చేయించనక్కరలేదు. నలుగురూ చూసుకోగలిగే ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

చిన్న తోటకు ఒక బలం ఉంది, చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. పెద్ద తోటలో కూలీలు ఒక పూటలో చెట్టంతా ఖాళీ చేస్తారు. మీరు అదే చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగి, ముదిరిన కాయను మాత్రం ఏరి కోయగలరు. నగరంలో మంచి ధర పలికేది ఆ ఏరికకే.

కొనేవాడు ఇచ్చే రూపాయిలో రైతుకు నిజంగా ఎంత దక్కుతోంది?

భారతీయ రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరులో ప్రచురించిన అధ్యయన పత్రం ప్రకారం దేశంలో వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతు వాటా మామిడికి సుమారు 43 పైసలు, ద్రాక్షకు 35, అరటికి 31. మిగతాదంతా మోసమని అనుకోవడం న్యాయం కాదు. రవాణా, హమాలీ, మాగబెట్టే ఖర్చు, దుకాణం అద్దె, కుళ్లి పారేసే సరుకు, ఇవన్నీ అందులోనే ఉన్నాయి.

ఆ కుళ్లే సరుకు గురించి మాత్రం ఆగి ఆలోచించాలి. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన లూధియానా సంస్థ 2015లో వెలువరించిన సర్వేలో జామలో కోత తర్వాత నష్టం 15.88 శాతమని, మామిడిలో 9.16 శాతమని తేలింది. వ్యాపారి ఈ నష్టాన్ని ముందే లెక్కవేసుకుని ఆ మేరకు మీ ధర తగ్గించి అడుగుతాడు. అంటే ఎవరి దగ్గర కుళ్లినా చివరికి ఆ కాయ ఖరీదు రైతు మీదే పడుతుంది. మీ కాయ నిలుస్తుందన్న పేరు వస్తే ధరలో వేసే ఆ కోత తగ్గుతుంది.

పూత మీదే తోట గుత్తకు ఇచ్చేస్తే బాధ ఉండదు కదా?

బాధ ఉండదన్నది నిజమే. గాలివానకు కాయ రాలినా, ధర పడిపోయినా గుత్తేదారుదే పూచీ. పిల్లల ఫీజులకో, ఇంట్లో పెళ్లికో జనవరిలోనే డబ్బు చేతికి వస్తుంది. ఆ అవసరంలో ఉన్న రైతును గుత్తకు ఇవ్వవద్దని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయితే గుత్తలో పోయేది ధర ఒక్కటే కాదు. గుత్తేదారుకు చెట్టుతో సంబంధం ఒక్క కాపు వరకే. ముందు వచ్చే కాయకు ధర ఎక్కువని లేత కాయ కోయిస్తాడు. మందులు ఎక్కువ కొట్టిస్తాడు. కోత తర్వాత కొమ్మలు కత్తిరించడం, ఎరువు వేయడం ఆయన పని కాదు. వరుసగా నాలుగైదేళ్లు గుత్తలో ఉన్న తోటను చూస్తే చెట్టు లోపల వెలుతురు ఉండదు, ఎండుపుల్లలు గుబురుగా ఉంటాయి, కాపంతా పైకొమ్మల చివరలకు చేరుతుంది. ఆ ఎత్తు నుంచి కాయ దెబ్బ తగలకుండా దిగడం కష్టం.

నేను చెప్పే మధ్యే మార్గం ఒకటుంది. మొదటి ఏడాది తోటలో మూడో వంతు చెట్లు మాత్రం మీ చేతిలో ఉంచుకుని మిగతావి గుత్తకు ఇవ్వండి. ఇచ్చేటప్పుడు కాగితం రాయించుకోండి. కోత ఏ తేదీకి ముందు మొదలుపెట్టకూడదు, ఏ మందులు కొట్టకూడదు, చివరి వాయిదా సొమ్ము ఎప్పుడు ఇవ్వాలి అన్న మూడు మాటలూ అందులో తప్పక ఉండాలి. సొమ్ము పూర్తిగా అందేలోపు ఆఖరి కోతకు ఒప్పుకోవద్దు.

కాయ కోతకు వచ్చిందని ఖాయంగా తెలుసుకోవడం ఎలా?

ఒక్క గుర్తు చాలదు, మూడు నాలుగు కలిపి చూడాలి. ముదిరిన మామిడికాయ భుజాలు ముచ్చిక (తొడిమ కాయకు అతికే చోటు) కంటే పైకి ఉబికి, ముచ్చిక దగ్గర చిన్న గుంట ఏర్పడుతుంది. తొక్క ముదురాకుపచ్చ నుంచి కాస్త తేలికపడి, దాని మీద చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక కాయను కోసి చూస్తే టెంక గట్టిపడి ఉంటుంది, టెంక చుట్టూ కండ లేత పసుపు తిరిగి ఉంటుంది. తోటలో ఒకటి రెండు పండ్లు వాటంతట అవే చెట్టు మీద మాగి రాలడం మన పెద్దలు ఎప్పటినుంచో నమ్మిన గుర్తు. అది ఇప్పటికీ నమ్మదగినదే.

బకెట్టు నీళ్ల పరీక్ష కూడా చేయండి. వేర్వేరు చెట్ల నుంచి పది కాయలు తెచ్చి నీళ్లలో వేస్తే ముదిరినవి మునుగుతాయి, లేతవి తేలుతాయి. పదిలో నాలుగు తేలాయంటే ఇంకో వారం ఆగాలి. పిందె కట్టిన తేదీని గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకునే రైతులు మా ఊళ్లో ఇద్దరు ఉన్నారు. వాళ్లకు ఈ పరీక్షలతో పనే పడదు.

లేత కాయ కోస్తే ఏమవుతుంది? రంగు తెప్పించవచ్చు, తీపి తెప్పించలేరు. కొన్నవాళ్లు ఇంకోసారి మీ పేరు అడగరు. తొలికాయకు వచ్చే నాలుగు రూపాయల ఎక్కువ ధర కోసం ఆ పేరు పోగొట్టుకోవద్దని చేతులెత్తి అడుగుతాను.

సొన మరకలు పడకుండా కాయ కోయడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఓపిక కావాలి. కొమ్మను దులపడం, కర్రతో కొట్టడం పూర్తిగా మానేయాలి. కత్తెర బ్లేడు అమర్చిన చిక్కంతో, కాయకు తొడిమ ఉండేలా కోయాలి. తొడిమ ఉన్నంతసేపు సొన కారదు. కోసిన కాయను నీడకు చేర్చాక తొడిమను సెంటీమీటరు వదిలి కత్తిరించి, ముచ్చిక కిందికి ఉండేలా బోర్లించాలి. వెదురు తడిక మీదో, గోనెపట్టా పరిచిన బల్ల మీదో అరగంట నుంచి గంటసేపు ఉంచితే సొన అంతా కిందికి కారిపోతుంది. కాయ మీద పడిన సొన ఆ రోజు కనిపించదు. మూడో రోజుకు తొక్క నల్లబడుతుంది. బెంగళూరులో పెట్టె తెరిచిన ఇల్లాలికి అది కుళ్లుగానే కనిపిస్తుంది. కండ బాగానే ఉందని ఫోనులో ఎంత చెప్పినా ఆమె నమ్మదు, నమ్మాల్సిన అవసరమూ లేదు.

తొడిమ కత్తిరించడానికి అదనంగా ఇద్దరు కూలీలు కావాలి. ఆ కూలి ఎక్కువని చాలామంది వెనక్కి తగ్గుతారు. కాయ చేతికి వచ్చాక పెట్టే ఖర్చుల్లో ఇంత త్వరగా తిరిగొచ్చే ఖర్చు ఇంకొకటి నేను చూడలేదు.

కోసిన కాయను బండి ఎక్కించే లోపు ఏమేమి చేయాలి?

ముందు నా పొరపాటు చెబుతాను. మొదటి ఏడాది మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు నలభై క్రేట్లు ఎక్కించి, పైన నల్ల టార్పాలిన్ బిగించి కట్టించాను. హొసకోట దాటాక వాహనాల రద్దీలో బండి రెండున్నర గంటలు కదలలేదు. రాత్రి దించినప్పుడు కాయ ముట్టుకుంటే వేడిగా ఉంది. నాలుగో రోజుకు అడుగు క్రేట్లలో ముచ్చిక చుట్టూ నలుపు దిగి, మూడో వంతు పారేయాల్సి వచ్చింది. ఇరవై రెండు కుటుంబాలకు డబ్బు తిరిగి ఇచ్చాను. రైతుల తప్పు ఏమీ లేదు, వాళ్ల కాయ నిండుగా ఉంది. వేడిని నేను లెక్కచేయలేదు.

ఇప్పుడు మా పద్ధతి ఇది. కోత తెల్లవారుజామున మొదలై తొమ్మిదిన్నరకు ఆగిపోవాలి. కాయ నేల మీద పోయకూడదు, చెట్టు కింద నుంచి నేరుగా పాకకు చేరాలి. సొన కారాక నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సైజుల వారీగా వేరుచేయాలి. వీలున్నచోట కడిగిన కాయను 50 నుంచి 52 డిగ్రీల వేడి నీళ్లలో ఐదు నుంచి పది నిమిషాలు ముంచుతాం. పక్షికన్ను తెగులు, తొడిమ కుళ్లు బాగా తగ్గుతాయి. దీనికి ఉష్ణమాపకం తప్పనిసరి. చేతి అంచనాతో చేస్తే కాయ ఉడికిపోతుంది. ఆరిన కాయను గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ క్రేట్లలో అడుగున కాగితం పరిచి, రెండు మూడు వరుసలకు మించకుండా పేర్చాలి. క్రేటు అంచు కంటే కాయ పైకి ఉండకూడదు. ఉంటే పై క్రేటు బరువంతా కాయ మీదే పడుతుంది. బండి సూర్యాస్తమయం తర్వాతే కదలాలి. మదనపల్లె నుంచి బెంగళూరు సుమారు 120 కిలోమీటర్లు. రాత్రి చల్లలో వచ్చి తెల్లవారేసరికి దిగుతుంది.

వెదురు బుట్టలు, గోనెసంచులు వద్దా అని అడుగుతారు. బుట్ట అంచులు కాయను గీస్తాయి, సంచి కుదుపును ఆపదు. వద్దు.

కార్బైడు వేయకపోతే రంగు రాదంటున్నారు. ఏం చేయాలి?

కాల్షియం కార్బైడుతో పండ్లు మాగబెట్టడం మన దేశంలో నిషేధం. తేమ తగిలితే అది ఎసిటిలీన్ వాయువును వదులుతుంది. అందులో ఆర్సెనిక్, భాస్వరం అవశేషాలు ఉండే అవకాశం ఉంది. ఆ పొడి చేత్తో పట్టుకునే కూలీలకే మొదటి హాని. చట్టం సంగతి అలా ఉంచండి, మన పిల్లలకు పెట్టని పండును ఎవరి పిల్లలకూ పంపకూడదు.

ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లో ఇథిలీన్ వాయువును 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు) మించకుండా వాడేందుకు అనుమతించింది. కాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేది కూడా ఈ వాయువే. మాగబెట్టే గదులున్నవాళ్లు కిలోకు ఇంత అని తీసుకుని ఈ పని చేసిపెడతారు. ఇథిలీన్ వెలువరించే చిన్న పొట్లాలు కూడా దొరుకుతాయి, కాని పొట్లం కాయకు తగలకూడదు. ఇథిలీన్‌ను వదిలే ఎథిఫాన్ అనే మందు ద్రావణంలో కాయలను ముంచడం మాత్రం అనుమతి లేని పని. కొందరు దుకాణదారులు అదీ మామూలే అని చెప్పి సీసా అంటగడతారు, జాగ్రత్త.

రెండు మూడు టన్నులు అమ్ముకునే చిన్న రైతుకు వరిగడ్డే చాలు. గాలి ఆడే గదిలో గడ్డి పరిచి, కాయలు ఒకటి రెండు వరుసలు పేర్చి, పైన పల్చగా గడ్డి కప్పితే నాలుగు నుంచి ఆరు రోజుల్లో వాసన మొదలవుతుంది. రోజూ ఒకసారి చూసి మచ్చ కాయ తీసేయాలి. రంగు ఒకేలా రాదు. ముచ్చిక దగ్గర పచ్చగా ఉన్నా లోపల పండి ఉంటుందని కొనేవాళ్లకు ముందే చెప్పండి. పచ్చి కాయను ఫ్రిజ్‌లో పెట్టవద్దని కూడా చెప్పండి. 12, 13 డిగ్రీల కంటే చల్లబడితే మామిడి సరిగ్గా పండదు.

పైకి నిండుగా ఉన్న పండులో పురుగు వస్తోంది. మందు కొట్టినా పోవడం లేదు.

అది పండు ఈగ. తల్లి ఈగ తొక్క కింద గుడ్లు పెడుతుంది. పురుగు లోపల ఉన్నాక పైన కొట్టే మందు దాన్ని చేరదు, మీ పండు తినేవాళ్లను మాత్రం చేరుతుంది. ఈ ఈగ కారణంగానే ఐరోపా సమాఖ్య 2014 మే నుంచి భారత మామిడిని నిలిపివేసి, 2015లో తిరిగి అనుమతించింది.

మిథైల్ యూజినాల్ ఎరలు కోతకు నెలన్నర రెండు నెలల ముందే తోటలో కట్టాలి. ఇవి మగ ఈగలను లాగి చంపుతాయి, జతకట్టే అవకాశం తగ్గుతుంది. ఒక్క మీ తోటలో కడితే పక్క తోట ఈగలు కూడా మీ దగ్గరకే వస్తాయి కాబట్టి చుట్టుపక్కల వాళ్లంతా కలిసి కట్టుకోవాలి. రాలిన కాయను ప్రతిరోజూ ఏరి లోతుగా పూడ్చాలి. పురుగు నేలలోకి దిగి కోశస్థ దశ (ఈగగా మారే ముందు దశ) గడుపుతుంది కనుక చెట్ల కింద నేల కదిలించడం మంచిది. కాయ నిమ్మకాయ, కోడిగుడ్డు సైజులో ఉన్నప్పుడు కాగితపు సంచి తొడిగితే ఈగా రాదు, మచ్చా రాదు. బంగినపల్లికి రంగు కూడా ఎంతో శుభ్రంగా వస్తుంది. అన్ని కాయలకూ తొడగలేకపోతే చేతికందే కొమ్మలకైనా తొడగండి.

బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో ఈ ఎరలు, మామిడికి ఆకుల మీద చల్లే సూక్ష్మపోషకాల మిశ్రమం 'అర్క మ్యాంగో స్పెషల్', వేప సబ్బు దొరుకుతాయి. అర్కావతి నది పేరు మీదే వారి రకాలకు, ఉత్పత్తులకు 'అర్క' అన్న మాట వచ్చింది. నగరానికి వచ్చినప్పుడు ఒక పూట అక్కడికి వెళ్లండి. అక్కడి శాస్త్రవేత్తలు రైతు ప్రశ్నలకు ఓపికగా జవాబిస్తారు, నాకు స్వయంగా తెలుసు.

బెంగళూరులో సరుకు ఎక్కడికి తేవాలి?

టోకుగా అయితే ఎలక్ట్రానిక్ సిటీ వైపున్న సింగేన అగ్రహారం పండ్ల మార్కెట్. వైట్‌ఫీల్డ్ దగ్గర కన్నమంగలలో జాతీయ పాడి అభివృద్ధి మండలి నెలకొల్పిన సఫల్ మార్కెట్ ఉంది. కోలారు జిల్లా వాళ్లకు శ్రీనివాసపురం మార్కెట్ ఇంటి దగ్గరే. హాప్‌కామ్స్ దుకాణాలు నగరమంతా ఉన్నాయి. ద్రాక్ష రైతుల సహకార సంఘంగా 1959లో, అప్పటి ఉద్యాన శాఖ అధిపతి డాక్టర్ మరిగౌడ చొరవతో మొదలైన సంస్థ అది. బెంగళూరు, చుట్టుపక్కల జిల్లాల రైతులు సభ్యులుగా చేరవచ్చు. లాల్‌బాగ్‌లో వేసవిలో జరిగే మామిడి మేళాలో కర్ణాటక రైతులకు స్టాళ్లు ఇస్తారు. కర్ణాటక మామిడి అభివృద్ధి కార్పొరేషన్ తపాలా శాఖ ద్వారా రైతుల పెట్టెలను నగరంలోని ఇళ్లకు చేర్చే ఏర్పాటు కూడా చేసింది. ఆంధ్ర వైపు రైతులకు ఈ చివరి మూడు దారులూ అంత సులువు కాదు. వాళ్లకు టోకు మార్కెట్, నేరు అమ్మకం మిగులుతాయి.

మండీకి వెళ్లేవాళ్లకు ఒక మాట. కర్ణాటక మార్కెట్ చట్టం ప్రకారం కమీషన్ కొనుగోలుదారు ఇవ్వాలి, రైతు నుంచి తీసుకోకూడదు. ఆచరణలో పలుచోట్ల రైతు సొమ్ములోంచే కోస్తున్నారు. కాటా వేశాక సూటు పేరుతో, తరుగు పేరుతో తూకం తగ్గిస్తారు. ఒంటరి రైతు అక్కడ గొడవ పడలేడు, సరుకు పాడవుతుందన్న భయం ఉంటుంది. అందుకే ఇంటి దగ్గరే తూచి, క్రేటు మీద బరువు రాసి, ఫొటో తీసుకుని రండి. అమ్మిన ప్రతిసారీ ధర, బరువు, తగ్గింపు విడివిడిగా రాసిన చీటీ అడగండి. చీటీ ఇవ్వని చోటికి రెండోసారి వెళ్లవద్దు.

బెంగళూరు వాళ్లు ఏ రకం మామిడి ఇష్టపడతారు?

ఇక్కడి పాత కుటుంబాలకు రసపురి, బాదామి ప్రాణం. మన తెలుగు కుటుంబాలు బంగినపల్లి అడుగుతాయి, ఇక్కడి వ్యాపారులు దాన్ని బేనిషా అంటారు. మల్లిక గురించి తెలిసిన కొద్దిమంది ఏడాదంతా ఎదురుచూస్తారు. రామనగర కాయ ముందుగా వస్తుంది, కోలారు కాయ ఆలస్యంగా. జూన్ చివర్లో మంచి పండు పంపగలిగితే పోటీ తక్కువ.

అపార్ట్‌మెంట్లకు నేరుగా అమ్మితే ఎంత మిగులుతుంది?

ఊహకు ఒక లెక్క వేద్దాం. అంకెలు నావి, మీ ఊరి అంకెలు వేసుకుని చూసుకోండి. వెయ్యి కిలోల బంగినపల్లి మండీకి తెచ్చారు, కిలో 40 రూపాయలు పలికింది. సూటు కింద 50 కిలోలు పోతే 38,000. రైతు నుంచే కోసే కమీషన్ పది శాతం 3,800, రవాణా, హమాలీ 4,200. చేతికి 30,000.

అదే వెయ్యి కిలోలు నేరుగా అమ్మితే మొదటి రకం 700 కిలోలు 90 రూపాయల చొప్పున 63,000, రెండో రకం 200 కిలోలు 50 చొప్పున 10,000. మిగతా వంద కిలోలు మాగేటప్పుడు పోయినవి, పాడైన వాటికి బదులు ఇచ్చినవి. మొత్తం 73,000. రవాణా 5,000, ఐదు కిలోల అట్టపెట్టెలు 140కి 3,500, మాగబెట్టే కూలి 3,000, నగరంలో ఇంటింటికీ చేర్చడానికి 6,000. చేతికి 55,500.

తేడా పెద్దదే. కానీ ఆ తేడాలో ముగ్గురు మనుషుల వారం రోజుల శ్రమ ఉంది, రాత్రి పదింటికి వచ్చే ఫోన్లు ఉన్నాయి. పైగా నేరు అమ్మకానికి ఒక హద్దు ఉంది. రెండు వందల ఇళ్ల అపార్ట్‌మెంటులో వారానికి నలభై యాభై పెట్టెలకు మించి పోవని నా అనుభవం. అందుకని మొదటి రకం నేరుగా, మిగతాది మండీకి పంపడం నాకు కుదిరిన పద్ధతి. పైన మంచివి, అడుగున చిన్నవి పెట్టడం ఒక్కసారి జరిగినా ఆ భవనం తలుపు మూసుకుంటుంది. డబ్బు ముందే తీసుకోండి, పాడైన పండుకు మాట్లాడకుండా బదులు ఇవ్వండి.

తోతాపురి రైతులం. మా సంగతి ఏమిటి?

ఈ కాయకు మన వైపు బెంగళూరు అనీ, కలెక్టర్ కాయ అనీ పేర్లున్నాయి. కానీ బెంగళూరు ఇళ్లలో దీన్ని ఉప్పూ కారంతో ముక్కలుగా తినేవాళ్లే ఎక్కువ. అసలు గిరాకీ చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీలది. అవి కొనకపోతే ఏమవుతుందో 2025లో చూశాం. ఆంధ్రప్రదేశ్‌లో కిలోకు 12 రూపాయలు అందేలా ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలని నిర్ణయించారు. జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురిని అడ్డుకుంది. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబు నాయుడికి లేఖ రాశారు. కర్ణాటకలో క్వింటాలుకు 1,616 రూపాయల ధర ఆధారంగా, మార్కెట్‌లో పలికిన ధరకూ దానికీ మధ్య వ్యత్యాసాన్ని రెండున్నర లక్షల టన్నుల వరకు చెల్లించడానికి కేంద్రం ఒప్పుకుంది. సరిహద్దుకు అటూ ఇటూ ఉన్నది ఒకే భాష మాట్లాడే, ఒకే కాయ పండించే రైతులు. ఆ జూన్‌లో రెండు వైపుల నుంచీ నాకు ఫోన్లు వచ్చాయి, రెండు వైపుల గొంతుల్లోనూ ఒకే బాధ ఉంది.

తోటంతా తోతాపురి ఉంటే చెట్లు కొట్టేయవద్దు. కోత అయ్యాక కొన్ని చెట్ల కొమ్మలు తగ్గించి, వచ్చిన కొత్త చిగుళ్ల మీద వేరే రకం అంటు కట్టించవచ్చు. పాత వేరు మీద కొత్త రకం మూడు నాలుగేళ్లలో కాపుకు వస్తుంది. ఏటా నాలుగో వంతు చెట్లు మారుస్తూ వెళితే ఆదాయం ఒక్కసారిగా ఆగదు.

జామ, బొప్పాయి, అరటి, దానిమ్మ పంపడం మామిడి లాగేనా?

జామ మామిడి కంటే సున్నితం. కోసిన రెండు మూడు రోజుల్లో తినాలి, కాబట్టి ఆర్డరు వచ్చాకే కోయండి. ఒక్కో కాయకు మెత్తని ఫోమ్ తొడుగు వేయండి. బొప్పాయి మీద పసుపు చారలు కనిపించగానే కోసి, కాగితం చుట్టి, తొడిమ కిందికి ఉండేలా పేర్చాలి. అరటిలో బెంగళూరుకు కావలసింది ఏలక్కి అనే చిన్న పండ్ల రకం. దూర ఎగుమతులకు వెళ్లే పొడుగు రకాలతో ఇక్కడ పోటీ పడనక్కరలేదు. దానిమ్మలో బ్యాక్టీరియా మచ్చ తెగులు ఎక్కువగా నారుతోనే తోటలోకి వస్తుంది. మొక్క ఎక్కడ కొంటున్నారన్నదే సగం వ్యవసాయం.

పనస గురించి ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. తుమకూరు జిల్లాలో ఒక రైతు తోటలోని ఎర్ర తొనల పనస చెట్టును హెసరఘట్ట సంస్థ గుర్తించి 'సిద్దు' అన్న పేరుతో విడుదల చేసింది. మొక్కల అమ్మకంలో 75 శాతం ఆ రైతు కుటుంబానికే చెందేలా ఒప్పందం చేసుకుంది. మీ పెరట్లో ఏ చెట్టుకైనా వేరే రుచి, వేరే రంగు ఉంటే శాస్త్రవేత్తలకు చూపించండి.

రైతు ఉత్పత్తిదారుల సంస్థలో చేరడం మంచిదా?

నలుగురు రైతులు రెండేళ్లు గొడవ లేకుండా కలిసి అమ్మగలిగాక చేరండి, లేదా పెట్టండి. ముందు సంస్థ పెట్టి తర్వాత పని వెతుక్కున్నవి చాలావరకు బోర్డుగా మిగిలాయి. కేంద్రం 2020లో ప్రారంభించిన పదివేల సంస్థల పథకంలో మైదాన ప్రాంతాల్లో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. నిర్వహణకు మూడేళ్లలో 18 లక్షల వరకు సాయం, సభ్యుడికి 2,000 రూపాయల వరకు, సంస్థకు 15 లక్షలు మించకుండా వాటా ధనం ఇచ్చేలా దాన్ని రూపొందించారు. మూడేళ్ల తర్వాత జీతాలు ఎవరు ఇస్తారన్న ప్రశ్న మొదటి సమావేశంలోనే అడగండి. కార్యదర్శి లెక్కలు చదివి వినిపించే సంస్థలో చేరండి, లెక్క అడిగితే ముఖం చిట్లించే చోట వద్దు.

పాక, క్రేట్లు, చల్లని గదికి అప్పు దొరుకుతుందా?

వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి కింద రెండు కోట్ల వరకు రుణానికి ఏడేళ్లపాటు మూడు శాతం వడ్డీ రాయితీ ఇచ్చేలా ఆ పథకాన్ని రూపొందించారు. ప్యాకింగు పాకలకు ఉద్యాన శాఖ సబ్సిడీ కూడా ఉంటుంది. మండల ఉద్యాన అధికారిని కలవండి. చల్లని గది మాత్రం తొందరపడి కట్టవద్దు. ఏడాదిలో రెండు నెలలే నిండే గది వాయిదాలను తోట మోయలేదు. మొదటి వంద క్రేట్లు, ఒక కాటా, ఒక ఉష్ణమాపకం చాలు.

పండ్లు అమ్మడానికి లైసెన్సు, పన్ను ఉంటాయా?

తాజా పండ్లకు జీఎస్టీ లేదు. సొంత పంట అమ్ముకునే రైతుకు ఆహార భద్రతా చట్టం వర్తించదు. జామ్, గుజ్జు, తాండ్ర చేసి అమ్మితే నమోదు చేయించుకోవాలి. ఇతరుల సరుకు కొని అమ్మినా అంతే.

మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. తోటకు అతను ఏం సాయం చేయగలడు?

ఈ ప్రశ్న తల్లులు ఎక్కువగా అడుగుతారు, ఎంతో సంకోచంగా. అబ్బాయికి సెలవు దొరకదని, ఇబ్బంది పెట్టకూడదని అనుకుంటారు. అతను సెలవు పెట్టనక్కరలేదు. మార్చిలో తన భవనంలో, తన ఆఫీసులో ఎవరికి ఎన్ని పెట్టెలు కావాలో జాబితా రాయించుకోవాలి. కోతకు వారం ముందు ఆ జాబితా మీకు చెప్పాలి, అప్పుడు ఎన్ని కాయలు మొదటి రకంగా తీయాలో మీకు తెలుస్తుంది. బండి వచ్చే శనివారం తెల్లవారుజామున ఐదింటికి దించే చోట నిలబడి, ప్రతి క్రేటూ తెరిచి, నొక్కుపడిన కాయ ఎక్కడుందో ఫొటో తీసి అదే ఉదయం మీకు పంపాలి. పై వరుసలోనా, అడుగునా, బండి వెనకవైపా? ఆ ఫొటో చూసి వచ్చే విడతలో ఏం మార్చాలో మీరు ఇంటి దగ్గరే తేల్చుకోగలరు. కిందటి ఏడాది ఒక అమ్మాయి వాళ్ల నాన్నకు ఇలాగే ఐదు వారాలు ఫొటోలు పంపింది. మొదటి విడతలో పదకొండు పెట్టెలకు డబ్బు తిరిగి ఇచ్చారు, ఐదో విడతలో ఒక్క పెట్టెకే ఇచ్చారు.